కరెంటు లేనప్పుడు బోరు నుంచి నీళ్లు తోడటం: అడుగున వాల్వు ఉన్న గొట్టం బొక్కెన ఎవరైనా వాడారా?

పాకాల_రైతు (నర్సంపేట)

అందరికీ నమస్తే. మా పెరట్లో రెండు బోర్లున్నాయి. ఒకదాంట్లో సబ్‌మెర్సిబుల్ మోటారు నడుస్తున్నది. రెండోది పాతది. దాని మీద చేతిపంపు ఉండేది. పంపు పాడయ్యాక లోపలి గొట్టాలన్నీ తీసేసి మూతి మీద బండ పెట్టి వదిలేశాం. అందులో నీళ్లున్నాయి, చిన్న రాయి వేస్తే చప్పుడు వినపడుతుంది.

గాలివానకు స్తంభాలు ఒరిగితే మా వైపు కరెంటు తొందరగా రాదు. మోటారు ఆగుతుంది, నల్లా ఆగుతుంది, ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు కూడా ఆగుతుంది. ఇంట్లో మా అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలు. కొట్టంలో బర్రెలు. పెరట్లోనే నీళ్లు పెట్టుకొని ట్యాంకరు కోసం బిందెలు పట్టుకొని నిలబడాల్సి వస్తే చాలా బాధగా ఉంటుంది.

ఒక వీడియోలో సన్నటి పొడుగు గొట్టం చూశాను. అడుగున వాల్వు ఉంది. తాడు కట్టి బోరులోకి వదిలితే నిండుతుంది, పైకి లాగితే వాల్వు మూసుకుంటుంది. మన దగ్గర ఇది పనిచేస్తుందా? ఎంత సైజు చేయించాలి? ఎవరు చేస్తారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బోరుమెకానిక్ (హన్మకొండ)

పనిచేస్తుంది తమ్మీ. ఇది కొత్త వస్తువేం కాదు. బరువైన ఉలిని ఎత్తి దంచే పాత రిగ్గులతో బోర్లు వేసిన రోజుల్లో, లోపల చేరిన రాతిపొడి బురదను పైకి తీయడానికి అడుగున వాల్వు ఉన్న గొట్టాన్నే వాడేవారు. దాన్ని బెయిలర్ అంటాం.

ముందు ఒక మాట. బోరులో రాళ్లు వేయడం ఈరోజు నుంచే బంద్ చేయండి. కొన్ని అడుగున చేరి పూడిక అవుతాయి. కొన్ని రాతి పగుళ్ల దగ్గర అంచు మీద ఆగుతాయి. రేపు మీరు దించే గొట్టానికీ, బోరు గోడకూ మధ్య ఒక్క గులకరాయి పడితే గొట్టం బిగుసుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది.

నీళ్లు ఎంత కింద ఉన్నాయో చూడాలంటే సన్న తాడుకు మీటరుకొక ముడి వేసి, చివర చిన్న స్టీలు గ్లాసును బోర్లా కట్టి దించండి. నీళ్లను తాకగానే బుడుక్కుమని చప్పుడొస్తుంది. అక్కడ తాడు పట్టుకొని ముడులు లెక్కపెట్టుకోండి. తర్వాత గ్లాసు తీసేసి, దాని చోట బరువు కట్టి అడుగు దాకా దించి చూడండి. మీకు ఈ రెండు కొలతలూ కావాలి. బోరు 200 అడుగులు ఉండవచ్చు, 300 ఉండవచ్చు, దానితో మీకు పని లేదు. మీ చేతులు లాగాల్సింది నీటి మట్టం నుంచి మాత్రమే. ఎండాకాలం చివర, అంటే మే నెలలో, ఇంకోసారి కొలవండి. తాడు పొడవు ఆ లెక్కన ఉండాలి.

హుస్నాబాద్_ఇంటర్

నాకో డౌటు. వాల్వు ఎందుకు? గొట్టం అడుగు మూసేసి వదిలితే పై నుంచి నీళ్లు నిండవా?

సైన్స్_సార్ (జనగామ)

మంచి ప్రశ్న బాబూ. వాల్వు ఎందుకుందో ఇందులోనే తెలిసిపోతుంది.

చేదబావిలో బొక్కెన వేసినప్పుడు ఏం జరుగుతుందో చూడు. నీళ్లను తాకగానే పక్కకు ఒరుగుతుంది, మూతిలోంచి నీళ్లు పోయి నిండుతుంది. బోరులో ఒరగడానికి చోటు లేదు. నిలువుగానే దిగాలి. అడుగు మూసిన గొట్టం నిలువుగా నీళ్లలోకి దిగితే తేలుతుంది. అది 10 లీటర్లు పట్టే గొట్టం అనుకో. మూతి దాకా మునగాలంటే 10 లీటర్ల నీటిని పక్కకు తొయ్యాలి, అంటే గొట్టం బరువు 10 కిలోలకు పైనే ఉండాలి. అంత బరువు పెట్టి చేస్తే మునుగుతుంది, నిండుతుంది కూడా. కానీ పైకి లాగేటప్పుడు 10 కిలోల నీళ్లతో పాటు ఆ 10 కిలోల ఇనుము కూడా ప్రతిసారీ లాగాలి.

అడుగున వాల్వు ఉంటే ఆ బరువు అక్కర్లేదు. గొట్టం దిగుతుంటే కింది నీళ్లు వాల్వును పైకి నెట్టి లోపలికి వస్తాయి. లోపలి మట్టం, బయటి మట్టం దాదాపు సమానమవుతాయి. తాడు లాగగానే లోపలి నీటి బరువు వాల్వు మీద పడి అది మూసుకుంటుంది. ఎంత నీళ్లుంటే అంత గట్టిగా మూసుకుంటుంది. స్ప్రింగు లేదు, కరెంటు లేదు.

ఇంకో సంగతి. గొట్టం నీళ్లలో ఉన్నంతసేపు లోపలి నీటి బరువు చేతికి తెలియదు. నీటి మట్టం దాటి పైకి రాగానే ఒక్కసారిగా బరువు పడుతుంది. తాడు పట్టుకున్నవాళ్లు దానికి సిద్ధంగా ఉండాలి.

వెల్డింగ్_షాపు (కాజీపేట)

అన్నా, ప్లంబింగ్ పీవీసీ పైపుతో చేసుకోవచ్చు. 90 ఎంఎం పైపు తీసుకుంటే లోపలి వ్యాసం సుమారు 84 ఉంటుంది, మీటరుకు ఐదున్నర లీటర్లు పడతాయి. వ్యవసాయ మోటారుకు పెట్టే ఫుట్‌వాల్వు అడుగున బిగించి, పైన రెండు రంధ్రాలు వేసి స్టీలు రాడ్డు వంచి పిడి పెడితే అయిపోతుంది. ఒక పూట పని.

బోరుమెకానిక్ (హన్మకొండ)

90 ఎంఎం వద్దు తమ్మీ. చేతిపంపు కోసం వేసిన పాత బోర్లు చాలా వరకు నాలుగున్నర అంగుళాలవి, అంటే 115 ఎంఎం. కాగితం మీద చూస్తే రెండు వైపులా పన్నెండున్నర ఎంఎం సందు ఉంటుంది. కానీ మన వరంగల్ వైపు పైనున్న మొరం దాకానే కేసింగు, అంటే మట్టి కూలకుండా బోరులో దించే గొట్టం, ఉంటుంది, కిందంతా గ్రానైటు. రాతిలో రంధ్రం అచ్చంగా నిలువుగా పోదు. పగుళ్ల దగ్గర గోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది. మీటరు పొడవున్న గట్టి గొట్టం ఆ వంపులో ఇరుక్కోవడానికి అంత సందు చాలదు. 75 ఎంఎం పైపు వాడండి. కొలత తగ్గినదాన్ని కొంచెం పొడవు పెంచి సరిపెట్టుకోవచ్చు.

గొట్టం పై అంచు, కింది అంచు రెండూ ఏటవాలుగా ఉండాలి. పైకి వచ్చేటప్పుడు కేసింగు కింది అంచుకు తగులుకునే ప్రమాదం ఉంటుంది. కోసిన పైపు కోసినట్టే వదిలేస్తే సరిగ్గా అక్కడే పట్టేస్తుంది.

జగిత్యాల_తమ్ముడు

మాది ఆరున్నర అంగుళాల బోరు. మోటారు లోపలే ఉంది. పక్కన చాలా జాగా ఉంది కదా, 75 ఎంఎం గొట్టం దింపుకోవచ్చా? కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడతాను.

బోరుమెకానిక్ (హన్మకొండ)

వద్దు. ఇది మాత్రం ఎవరు అడిగినా ఇదే చెప్తాను.

లోపల మోటారుకు కట్టిన పైపు ఉంది, కేబులు ఉంది, మోటారును పట్టుకున్న సేఫ్టీ తాడు ఉంది. ఈ మూడూ బోరు మధ్యలో నిటారుగా నిలబడి ఉండవు, ఒక పక్కకు వాలి ఉంటాయి, ఎటు అన్నది పై నుంచి కనిపించదు. మీ గొట్టం తాడు మీద తిరుగుతూ దిగుతుంది. ఒక్క చుట్టు చుట్టుకున్నా గొట్టం రాదు, మోటారూ రాదు. కేబులు మీది రబ్బరు రాసుకుపోతే కరెంటు వచ్చిన రోజు నీళ్లలోకే షాకు. మోటారున్న బోరులో ఏమీ దించొద్దు తమ్మీ. ఖాళీ బోరు ఉంటేనే ఈ ఆలోచన చేయండి.

జగిత్యాల_తమ్ముడు

అర్థమైంది అన్నా. మోటారు కాలిపోయి, బయటికి తీసి రిపేరుకు ఇచ్చిన రోజుల్లో మాత్రం వాడొచ్చు కదా?

బోరుమెకానిక్ (హన్మకొండ)

అప్పుడు వాడొచ్చు. అసలు ఇది ఎక్కువగా పనికొచ్చేది ఆ రోజుల్లోనే.

ఇంజనీర్_వరంగల్

ఒక చిన్న అభ్యంతరం. పాత బోరు మీద చేతిపంపునే మళ్లీ బిగించుకోవచ్చు కదా? ఇండియా మార్క్ 2 పంపు 1970లలో యూనిసెఫ్ సహకారంతో మన దేశంలోనే తయారైంది. మద్రాసులో రిచర్డ్‌సన్ అండ్ క్రడాస్ దాన్ని తయారు చేసింది. ఇవాళ ఎన్నో దేశాల్లో నడుస్తున్నది. దాని సిలిండర్‌లో ఉన్నదీ ఇదే సూత్రం. అడుగున ఒక వాల్వు, పిస్టన్‌లో ఇంకో వాల్వు. గొట్టం బొక్కెన ఒక్కోసారి ఒక్కో బొక్కెన తెస్తుంది, చేతిపంపు ఆగకుండా పోస్తుంది. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో తాడు లాగడం కన్నా పంపు కొట్టడమే తేలిక.

పాకాల_రైతు (నర్సంపేట)

సార్, మీరు చెప్పింది నిజమే. కానీ పంపు పాడైనప్పుడల్లా మా తిప్పలు అన్నీ ఇన్నీ కావు. వాషరు అరిగితే లోపలి గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా ఊడదీసి పైకి లాగాలి, దానికి మనుషులు కావాలి, పెద్ద పానాలు కావాలి. చివరికి విసుగొచ్చి తీసేశాం.

ఇంజనీర్_వరంగల్

మార్క్ 2లో ఆ ఇబ్బంది ఉన్నది. అందుకే తర్వాత మార్క్ 3 వచ్చింది, అందులో గొట్టాలు కదపకుండానే పిస్టన్‌ను పైకి తీయొచ్చు. మీ ఇంటి పరిస్థితికి బొక్కెన చాలనుకుంటే నాకు అభ్యంతరం లేదు. దాంట్లో పాడయ్యే భాగాలన్నీ ప్రతిసారీ మీ చేతికే వస్తాయి, ఆ సుగుణం చేతిపంపుకు లేదు.

ఈ సందర్భంలో జింబాబ్వే గురించి చెప్పాలి. 1980లలో అక్కడి బ్లెయిర్ రీసెర్చ్ లేబొరేటరీలో పీటర్ మోర్గన్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఇలాంటి దాన్నే ఊళ్ల కోసం రూపొందించారు. దాన్ని బకెట్ పంపు అంటారు. సన్న గొట్టపుబావి, దానికి కేసింగు, పైన చేత్తో తిప్పే ఇరుసు, అడుగున వాల్వు ఉన్న బొక్కెన. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, బొక్కెనను వంచి పోయనక్కర్లేదు. పైకి తెచ్చి ఒక తొట్టిలాంటి దాని మీద నిలబెడితే అందులోని పొడుచుకొచ్చిన భాగం వాల్వును పైకి ఎత్తుతుంది, నీళ్లు అడుగు నుంచే బిందెలోకి పోతాయి. చేతులు నీళ్లకు తగలవు, బొక్కెన నేలకు తగలదు. తన పనికి మోర్గన్ 2013లో స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ అందుకున్నారు.

హుజూరాబాద్_పెద్దాయన

నాయనలారా, మీ మాటలు చదువుతుంటే మోట గుర్తొచ్చింది. తనంతట తాను ఒలికే బొక్కెన మన దగ్గర తాతల నాటి నుంచీ ఉన్నదే. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు కాబట్టి చెప్తాను.

మోటబావి ఒడ్డున రెండు గిలకలు ఉండేవి. ఒకటి ఎత్తున, ఒకటి కింద తొట్టి అంచున. పెద్ద తోలు మోటకు పైన మూతి, కింద తొండం. మూతికి లావు మోకు, తొండానికి సన్న తాడు. ఎడ్లు బావి వైపు నుంచి వాలులోకి దిగుతుంటే మోట పైకి వచ్చేది. వచ్చేంత సేపూ సన్న తాడు తొండం చివరను మూతితో సమానంగా పైకెత్తి పట్టుకునేది, అందుకని చుక్క కారేది కాదు. ఒడ్డుకు రాగానే మోకు మోటను పై గిలక దాకా ఎత్తేది, సన్న తాడు మాత్రం తొండాన్ని కింది గిలక మీదుగా తొట్టిలోకి గుంజేది. నీళ్లన్నీ ఒక్కసారి జారిపోయేవి. మోట తోలే మనిషి బావి దగ్గరికి రావాల్సిన పని లేదు. రెండు తాళ్ల పొడవులో తేడాతోనే అంతా జరిగేది. తాళ్ల లెక్క బెత్తెడు తప్పితే నీళ్లు సగం దారిలోనే ఒలికేవి. అందుకే మోకు కట్టడం అందరికీ వచ్చేది కాదు.

మీ గొట్టానికి తొండం పెట్టలేరు, బోరులో చోటు లేదు. కానీ ఇంజనీర్ బాబు చెప్పిన అడుగు నుంచి పోసే పద్ధతి తప్పకుండా పెట్టుకోండి. మనిషి ఎత్తున్న గొట్టాన్ని నీళ్లతో సహా ఎత్తి వంచి పోయడం ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు చాలా కష్టం. నడుము పట్టేస్తుంది.

భూపాలపల్లి_ఇల్లాలు

పెద్దాయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. నీళ్లు తోడేది ఎక్కువగా మేమే కదా. ఎన్ని లీటర్లు పట్టాలి అన్నది తాడు లాగేవాళ్లను అడిగి చేయించండి అన్నా. పెద్దదైతే తొందరగా అవుతుందని మగవాళ్లు పెద్దది చేయిస్తారు, ఇంట్లో అది ఎవరూ ముట్టుకోరు.

వెల్డింగ్_షాపు (కాజీపేట)

అక్కా, బరువు సంగతి చేతికి వదలనక్కర్లేదు. ఇరుసు పెడితే ఎంత తేడా వస్తుందో లెక్క చెప్తాను. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము, దానికి 40 సెంటీమీటర్ల చేతి పిడి. డ్రమ్ము సగం వ్యాసం 10, పిడి 40, అంటే నాలుగో వంతు బలం చాలు. 8 కిలోల బరువు చేతికి 2 కిలోలుగా తెలుస్తుంది, రాపిడి కొంచెం అదనం. ఒక చుట్టుకు 63 సెంటీమీటర్ల తాడు చుట్టుకుంటుంది. నీళ్లు 10 మీటర్ల కింద ఉంటే పదహారు చుట్లు తిప్పాలి. చిన్న పిల్లలు తప్ప ఎవరైనా తిప్పగలరు. ఉత్త గిలక అయితే బలం తగ్గదు, లాగే దిక్కు మాత్రమే మారుతుంది.

ఇరుసుకు పళ్లచక్రం, దాన్ని ఆపే కొక్కెం తప్పకుండా పెట్టించండి. నిండు గొట్టం సగం దారిలో ఉన్నప్పుడు పిడి చేయి జారితే అది గిర్రున తిరిగి మోచేతినో మొహాన్నో కొడుతుంది. కొక్కెం ఉంటే ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది.

ఫుట్‌వాల్వు గురించి ఇంకో మాట. కొన్నింటిలో గట్టి స్ప్రింగు ఉంటుంది, అలాంటిది తీసుకోవద్దు. స్ప్రింగును తెరవడానికి కొంత నీటి ఎత్తు కావాలి, తేలికైన గొట్టం అయితే దిగకుండా సతాయిస్తుంది. స్ప్రింగు లేని రకం చూడండి. లేదంటే నేనే చేసిస్తాను, స్టీలు పళ్లెం మీద మందపాటి రబ్బరు రేకు, ఒక పక్క బిగింపు, పైన చిన్న ఇనుప బిళ్ల బరువు. అదే ఎక్కువ కాలం వస్తుంది, రబ్బరు పోతే కత్తెరతో ఇంకోటి కోసుకోవచ్చు.

ఆశా_అక్క (ములుగు)

నీళ్లు పైకి రావడం గురించి అందరూ చెప్పారు. ఆ నీళ్లు తాగొచ్చా అన్న మాట ఎవరూ అడగలేదు, అందుకే రాస్తున్నాను.

2023 జూలైలో మా జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి మొత్తం మునిగింది. అలాంటి వానల్లో కేసింగు పొట్టిగా ఉన్న బోర్లలోకి, మూతలేని బోర్లలోకి పై నుంచి వరద నీళ్లు నేరుగా పోతాయి. పశువుల పేడ, దొడ్ల నీళ్లు అన్నీ కలిసి. మన గ్రానైటు బోర్లలో నీళ్లు వడకట్టుకుంటూ రావు, రాతి పగుళ్ల గుండా వస్తాయి. అందుకని బోరు నీళ్లు ఎప్పుడూ శుభ్రమే అనుకోవద్దు.

ఏళ్ల తరబడి మూసి ఉన్న బోరు కాబట్టి ముందు చాలాసేపు తోడి పారబోయండి. తర్వాత మీ ఊరి ఆరోగ్య కార్యకర్తతో బ్లీచింగ్ వేయించండి. మొదటిసారి మోతాదు ఎక్కువగా ఉంటుంది, వాసన పోయేదాకా మళ్లీ తోడాలి. ఆ పైన మామూలు రోజుల్లో 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు చాలు, వేశాక గంటసేపు ఆగాలి. పొడిని నేరుగా చల్లొద్దు, బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి.

ఫ్లోరైడు పరీక్ష కూడా చేయించండి. 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మరిగించినా, బ్లీచింగ్ వేసినా ఫ్లోరైడు పోదు. పిల్లల పళ్లు, పెద్దల మోకాళ్లు పాడవుతాయి. అలా వస్తే ఆ నీళ్లు బర్రెలకు, బట్టలకు కూడా ఎంతవరకు అన్నది పరీక్ష చేసినవాళ్లనే అడగండి.

గొట్టాన్ని, తాడును నేల మీద పడేయొద్దు. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా మట్టి, పేడ అంటిన తాడు ఒక్కసారి లోపలికి పోతే చాలు.

సైన్స్_సార్ (జనగామ)

అక్క చెప్పిన మోతాదు వేయాలంటే బోరులో ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి. నాలుగున్నర అంగుళాల బోరులో మీటరుకు సుమారు 10 లీటర్లు, ఆరున్నర అంగుళాల దానిలో సుమారు 21 లీటర్లు ఉంటాయి. అడుగు దాకా కొలిచిన లోతులోంచి నీటి మట్టం లోతు తీసేసి దాంతో గుణించండి.

మంచిర్యాల_డ్రైవరు

ఇంత కష్టం ఎందుకన్నా, సోలార్ మోటారు పెట్టుకుంటే అయిపోయె కదా.

పాకాల_రైతు (నర్సంపేట)

పెట్టగలిగితే మంచిదే తమ్మీ. నాకు కావలసింది పొలానికి నీళ్లు కాదు. మబ్బు పట్టి వారం పాటు వాన పడుతున్నప్పుడు, కరెంటు లేనప్పుడు ఇంటికి తాగే నీళ్లు. ఆ రోజుల్లో ఎండ కూడా ఉండదు.

కొలతలు తీశాను. ఇప్పుడు నీటి మట్టం 11 మీటర్ల దగ్గర ఉంది. పాకాల చెరువు నిండితే మా వైపు బావులన్నీ పైకి వస్తాయి, ఎండాకాలం ఇంకా కిందికి పోతుంది. బోరు మూతి దగ్గర కేసింగు లోపల అడ్డంగా కొలిస్తే నాలుగున్నర అంగుళాలే. మెకానిక్ అన్న చెప్పినట్టే 75 ఎంఎం పైపు మీటరున్నర పొడవుతో చేయిద్దామనుకుంటున్నా. ఎన్ని లీటర్లు వస్తాయి?

సైన్స్_సార్ (జనగామ)

లోపలి వ్యాసం 70 ఎంఎం అనుకుంటే మీటరుకు 3.85 లీటర్లు. వాల్వుకు పోయిన చోటు తీసేస్తే దాదాపు ఐదున్నర లీటర్లు. విపత్తు సమయంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలని అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. మీ ఇంట్లో ఆరుగురికి 90 లీటర్లు, అంటే పదిహేడు బొక్కెనలు. ఇది ఒక మనిషి నిదానంగా చేయగల పనే. బర్రెలకు మాత్రం ఈ లెక్క వేరు. ఒక్కో బర్రె ఎండాకాలంలో రోజుకు 50 లీటర్లకు పైనే తాగుతుంది. దగ్గరలో కుంటో చెరువో ఉంటే వాటిని అక్కడికి తోలడమే మేలు.

ఇంజనీర్_వరంగల్

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మూతి మీద బండ పెట్టి వదిలేశాం అన్నారు. దయచేసి దాన్ని ఈ వారంలోనే మార్చండి. బండను పిల్లలు జరపగలరు. చిన్న పిల్లలు ఆరున్నర అంగుళాల బోర్లలోనూ పడ్డారు, నాలుగున్నర అంగుళాలది చిన్నదే కదా అని వదిలేయకండి.

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో బోరు చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న సిమెంటు దిమ్మె కట్టాలని ఉంది. అది నేల పైన 30 సెంటీమీటర్లు, నేలలో 30 సెంటీమీటర్లు ఉండాలి. కేసింగు మీద స్టీలు ప్లేటు వెల్డింగ్ చేయాలి లేదా గట్టి మూతను నట్లు బోల్టులతో బిగించాలి. మీరు వాడుకునే బోరు కాబట్టి వెల్డింగ్ చేసి మూసేయలేరు. అందుకని బోల్టులతో బిగించిన అడుగు ప్లేటు, దాని మీద మడతబందుల మూత, మూతకు తాళం. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. దిమ్మె ఎత్తుగా ఉంటే ఆశా అక్క చెప్పిన వరద నీళ్ల సమస్య కూడా తీరుతుంది.

పాకాల_రైతు (నర్సంపేట)

ముందు దిమ్మె, మూత చేయిస్తాను సార్. ఆ తర్వాతే బొక్కెన.

పాకాల_రైతు (నర్సంపేట)

అందరికీ చెప్పాలని మళ్లీ వచ్చాను. దిమ్మె కట్టించాం, మూతకు తాళం పెట్టాం. గొట్టం తయారైంది. ఐదు లీటర్లకు కొంచెం పైన వస్తున్నది. ఇరుసు మా అమ్మ కూడా తిప్పుతున్నది. అడుగు నుంచి పోసే ఏర్పాటు కోసం తొట్టిలో ఒక స్టీలు రాడ్డు నిలబెట్టాం, గొట్టం దాని మీద దింపగానే రబ్బరు లేస్తుంది.

నీళ్ల పరీక్షకు ఇచ్చాం. ఫలితం వచ్చేదాకా తాగడం లేదు. ఒక ఇబ్బంది ఉంది. కొన్నిసార్లు గొట్టం పైకి వచ్చేసరికి సగానికి తగ్గుతున్నది. కొన్నిసార్లు నిండుగా వస్తున్నది. ఎందుకిలా?

వెల్డింగ్_షాపు (కాజీపేట)

వాల్వు కూర్చునే చోట ఇసుక రేణువు పడుతున్నది అన్నా. చాలాకాలం కదలని బోరు కదా, మొదట్లో మన్ను వస్తుంది. గొట్టాన్ని అడుగు దాకా దించకండి. నీటి మట్టం దాటాక రెండు మీటర్లు దిగితే చాలు, మీ గొట్టం పూర్తిగా మునుగుతుంది. అడుగున తగిలితే బురద కదిలి వాల్వులో చేరుతుంది. తాడు మీద ఆ కొలత దగ్గర రంగు దారం కట్టుకోండి. అయినా కారితే రబ్బరు రేకు తీసి చూడండి, మెలి పడి ఉంటే మార్చాలి.

బోరుమెకానిక్ (హన్మకొండ)

ఇంకోటి. పైన పిడి ఎత్తుగా, గుండ్రంగా, సరిగ్గా మధ్యలో ఉండేలా చూసుకోండి. ఎప్పుడైనా తాడు తెగితే గాలం వేసి పట్టుకోవడానికి ఆ పిడే దిక్కు. పొట్టి పిడి అయితే గాలానికి దొరకదు. తాడు నైలానుదైనా ఎండకు పాడవుతుంది, ముడి దగ్గర పీచు లేస్తుంటే ఆ మూర కోసేసి మళ్లీ కట్టండి.

భూపాలపల్లి_ఇల్లాలు

కాజీపేట తమ్మీ, మా పాత బోరు ఆరున్నర అంగుళాలది, మోటారు లేదు. మాకు ఏ కొలతతో చేయాలి? తోడేది నేనూ, మా అత్తమ్మ.

వెల్డింగ్_షాపు (కాజీపేట)

అక్కా, ఆ బోరులో 110 ఎంఎం పైపు హాయిగా దిగుతుంది. మీటరు ఇరవై సెంటీమీటర్లు పెడితే 10 లీటర్లు వస్తాయి, అది మీ ఇద్దరికీ ఎక్కువ. 80 సెంటీమీటర్లు పెట్టించండి, ఆరున్నర లీటర్ల దాకా పడుతుంది. మళ్లీ చెప్తున్నా, ఇరుసుకు కొక్కెం మాత్రం మానొద్దు. ముందు నీటి మట్టం కొలిచి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి తాడు, డ్రమ్ము పొడవు చెప్తాను.